మ్యాప్ మీద చుక్కను ఎంతవరకు నమ్మొచ్చు? క్యాష్ వ్యాన్‌లలో ట్రాకింగ్, కమ్యూనికేషన్ తనిఖీ

కంట్రోల్ రూమ్ గోడకు పెద్ద స్క్రీన్ ఉంటుంది. దాని మీద పచ్చచుక్కలు మెల్లగా కదులుతుంటాయి. ఒక్కో చుక్క ఒక్కో క్యాష్ వ్యాన్. చుక్క కనిపిస్తోందంటే బండి క్షేమంగా ఉందని చూసేవాళ్ళ మనసు కుదుటపడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. స్క్రీన్ మీద మనం చూసేది బండి ఆఖరిసారి పంపిన కబురు మాత్రమే. అది 5 సెకన్ల కిందటిది కావచ్చు, 5 నిమిషాల కిందటిదీ కావచ్చు. చాలా సాఫ్ట్‌వేర్లలో రెండు చుక్కలూ ఒకే రంగులో ఉంటాయి.

నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అంటారు. బండి నుంచి ఆ కబురు పంపే ట్రాకర్, రేడియో లాంటి పరికరాలదీ అదే తీరు. పూర్తిగా చచ్చిపోయిన ట్రాకర్‌ను పట్టుకోవడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు, చుక్క మాయమైతే ఎవరికైనా తెలుస్తుంది. సగం పనిచేస్తూ, అవసరం పడిన క్షణంలో చేతులెత్తేసే పరికరమే ప్రమాదకరం. అలాంటిది తనిఖీలో దొరక్కపోతే, అది దొరికే రోజున బండిలో మనుషులు ఇబ్బందుల్లో ఉంటారు. అందుకే ఈ పనిలో ‘పనిచేస్తోందా?’ అని అడిగితే చాలదు. ‘ఏదైనా పాడైతే మనకు తెలుస్తుందా?’ అని కూడా అడగాలి. తెలుసుకోవాలంటే ఒకటే దారి. మనమే కావాలని ఒక్కొక్కటీ ఆపి, ఏం జరుగుతుందో చూడాలి.

ఉపగ్రహం నుంచి స్క్రీన్ దాకా ఒక గొలుసు ఉంది. ఉపగ్రహం, యాంటెన్నా, కేబుల్, రిసీవర్, మోడెమ్, టవర్, సర్వర్, స్క్రీన్, చివర్న ఆ స్క్రీన్ చూసే మనిషి. ఇందులో ప్రతి లింకూ పాడవుతుంది, ప్రతిదీ తనదైన పద్ధతిలో ఆ సంగతి దాస్తుంది.

ఉక్కు పెట్టెలో ఆకాశం కనిపించదు

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కడి నుంచి బయల్దేరిన సిగ్నల్ నేలకు చేరేసరికి దాని బలం సుమారు మైనస్ 130 డీబీఎం. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఒక వాట్‌ను వంద కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఇంత సన్నని సిగ్నల్‌ను అడ్డుకోవడానికి మందపాటి ఉక్కు అక్కర్లేదు, వంటింట్లో వాడే పలచటి అల్యూమినియం రేకు చాలు. ఆర్మర్డ్ వ్యాన్ అయితే నాలుగు వైపులా, పైనా, కొన్నిసార్లు కిందా ఉక్కు పలకలే. తూటాలను ఆపే గోడ రేడియో తరంగాలనూ ఆపేస్తుంది. బుల్లెట్‌ప్రూఫ్ అద్దం కాస్త నయమే, కానీ దాని పొరల మధ్య ఎండను ఆపే లోహపు ఫిల్మ్ ఉంటే అదీ గోడ కిందే లెక్క.

కాబట్టి యాంటెన్నా బయటికి రావాల్సిందే. మామూలుగా బండి కప్పు మీద, లోహం కాని మూత కింద పెడతారు. అక్కడి నుంచి కేబుల్ ఉక్కుకు చేసిన రంధ్రంలోంచి లోపలికి దిగుతుంది. నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం ఆ రంధ్రం చుట్టుపక్కలే దొరికాయి. రబ్బరు వాషర్ ఎండకు పగిలిపోతుంది. వాన నీళ్ళు సన్నగా దిగి, కనెక్టర్ లోపల పచ్చగా చిలుము పడుతుంది. బండి కుదుపులకు కేబుల్ పైతొడుగు ఉక్కు అంచుకు రాసుకుని అరిగిపోతుంది. ఇవేవీ ఒక్క రోజులో జరగవు. సిగ్నల్ నెలనెలా కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. చుక్క మాత్రం స్క్రీన్ మీద హాయిగా కదులుతూనే ఉంటుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ట్రాకర్ ఎన్ని ఉపగ్రహాలను చూస్తోందో చూసి, 9 కనిపిస్తే ‘బాగుంది’ అని రాసేసి వెళ్ళిపోతారు. స్థానం లెక్కగట్టడానికి కనీసం 4 ఉపగ్రహాలు కావాలి, కాబట్టి 9 అంటే ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఇప్పటి రిసీవర్లు జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడౌ ఉపగ్రహాలను కూడా వింటాయి. యాంటెన్నా సగం పాడైనా సంఖ్య పెద్దగానే కనిపిస్తుంది. చూడాల్సింది ఒక్కో ఉపగ్రహం సిగ్నల్ నాణ్యత. ఆరుబయట మంచి యాంటెన్నాకు అది 40 నుంచి 50 డెసిబెల్ హెర్ట్జ్ మధ్య వస్తుంది. అన్నీ 30 దగ్గరే కొట్టుమిట్టాడుతుంటే, సంఖ్య ఎంతున్నా ఆ యాంటెన్నాను విప్పి చూడాలి.

ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, బండిని ఎప్పుడూ ఒకే చోట, ఒకే దిక్కుగా నిలబెట్టి ఆ అంకె రాసుకోవడం. పోయిన నెల 46, ఈ నెల 41, వచ్చే నెల 37 అని వరసగా కనిపిస్తే ఎవరూ చెప్పక్కర్లేదు, కేబుల్ తడుస్తోందని అర్థం. ఒక్క రోజు అంకె చూస్తే ఈ కథ తెలియదు.

నటన విషయానికొస్తే, ట్రాకర్లలో ‘బండి ఆగి ఉన్నప్పుడు స్థానాన్ని కదలనీయకుండా ఉంచే’ సెట్టింగ్ ఒకటి ఉంటుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ఆగి ఉన్న బండి మ్యాప్ మీద ఇటూ అటూ గంతులేస్తుంది. చూడ్డానికి బాగోదని కంపెనీలు ఆ గంతులను సాఫ్ట్‌వేర్‌తో అణిచేస్తాయి. ఫలితంగా, చుక్క రాయిలా కదలకుండా ఉంటే అది మంచి సిగ్నల్ వల్లా, లేక దాచిపెట్టడం వల్లా అన్నది తెలియదు. తనిఖీ చేసేటప్పుడు వీలుంటే ఆ సెట్టింగ్ తీసేసి 10 నిమిషాలు చూడాలి. గంతులు మీటరు రెండు మీటర్లలో ఉంటే సరే. వీధి దాటి పక్క వీధికి పోతుంటే అనుమానించాలి.

పొద్దున బండి తీసిన వెంటనే స్థానం దొరకడానికి ఎంతసేపు పడుతోందో కూడా ఒక పరీక్షే. ఒక్కో జీపీఎస్ ఉపగ్రహం తన కచ్చితమైన కక్ష్య వివరాలను ప్రతి 30 సెకన్లకు ఒకసారి చెబుతుంది. అన్ని ఉపగ్రహాల స్థూల పట్టిక పూర్తిగా రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. రాత్రంతా ఆపేసి ఉన్న రిసీవర్ ఆరుబయట ఒక నిమిషం లోపు స్థానం పట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. అయితే కొన్ని ట్రాకర్లు ఆ వివరాలను ఆకాశం నుంచి కాకుండా మొబైల్ నెట్‌వర్క్ ద్వారా ముందే తెచ్చుకుంటాయి. అప్పుడు బలహీనమైన యాంటెన్నా కూడా చురుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ సాయం ఆపి పరీక్షించకపోతే టైమింగ్ చూసి లాభం లేదు.

అన్నీ ఒకేసారి వాడితేనే బయటపడే లోపం

ఒకసారి ఒక బండి నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. రోజులో ఎప్పుడో ఒకసారి ట్రాకర్ ఒక నిమిషం పాటు మాయమై మళ్ళీ వచ్చేది. నెట్‌వర్క్ లేని చోట ఆగిందేమో అనుకున్నారు అందరూ. మల్టీమీటర్ పెట్టి చూస్తే ట్రాకర్‌కు 12.4 వోల్ట్లు వస్తున్నాయి, నిండుగా. సిమ్ బాగుంది, యాంటెన్నా బాగుంది.

డ్రైవర్‌కు విసుగొచ్చింది. “సార్, నిన్న రాత్రే చూసి ఓకే అన్నారు గదా, మళ్ళీ ఏం చూస్తారు?”

“ఓకే అన్నది ట్రాకర్ ఒక్కదాన్నే చూసి, అన్నా. రోజూ నువ్వు చేసేవన్నీ ఒకసారి నా ముందు చెయ్యి” అన్నాను.

ఆయన ఇంజిన్ ఆపి, ఎప్పటిలాగే రేడియో మైక్ తీసి బటన్ నొక్కి కంట్రోల్ రూమ్‌ను పిలిచాడు. ట్రాకర్ మీద పచ్చ లైటు ఆరిపోయింది. బటన్ వదిలాక మళ్ళీ మొదటి నుంచి లేవడం మొదలుపెట్టింది.

జరిగింది ఇదీ. 25 వాట్ల రేడియో ప్రసారం చేస్తున్నప్పుడు సుమారు 5 నుంచి 8 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఆ రేడియోకూ ట్రాకర్‌కూ ఎర్త్ వైరు ఒకే బోల్టుకు బిగించారు. ఆ బోల్టు కింద రంగు గీకకుండా బిగించడం వల్ల, పైగా తుప్పు పట్టడం వల్ల, అక్కడ దాదాపు అర ఓమ్ నిరోధం ఏర్పడింది. ట్రాకర్ ఒక్కటే నడుస్తున్నప్పుడు కరెంటు కొంచెమే కాబట్టి తేడా తెలియదు. రేడియో 6 ఆంపియర్లు లాగగానే ఆ అర ఓమ్ మీదే 3 వోల్ట్లు పోతాయి. ట్రాకర్‌కు మిగిలేది 9.4. ఆ మోడల్‌కు అది చాలదు, రీస్టార్ట్ అవుతుంది.

ఇందులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఒకటుంది. ఆపద వస్తే ఆ బండిలోని మనిషి మొదట చేసేది రేడియోలో పిలవడమే. అంటే, తాము ఎక్కడున్నారో ప్రపంచానికి తెలియాల్సిన ఆ క్షణంలోనే బండి మ్యాప్ మీంచి మాయమయ్యేది. విడివిడిగా చేసిన ప్రతి పరీక్షలోనూ ఆ బండి పాసైంది. కాబట్టి తనిఖీ చివర్న ఇంజిన్ ఆపి ఒకసారి, ఇంజిన్ నడుపుతూ ఒకసారి అన్నీ కలిపి వాడాలి. రేడియోలో మాట్లాడుతూ, ఆపదలో నొక్కే పానిక్ బటన్ నొక్కి, లైట్లు, ఏసీ, తలుపు తాళాల మోటార్లు అన్నీ నడుపుతూ ట్రాకర్ లైటు వైపు చూడాలి. దీనికి 3 నిమిషాలు పడుతుంది.

బ్యాకప్ బ్యాటరీ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. మెయిన్ వైరు తెగితే ట్రాకర్ తన లోపలి బ్యాటరీ మీద నడవాలి, ‘మెయిన్ పవర్ పోయింది’ అని వెంటనే కబురు పంపాలి. తనిఖీలో వైరు పీకి రెండు నిమిషాలు చూసి మళ్ళీ పెట్టేస్తుంటారు. ముసలి బ్యాటరీ కూడా రెండు నిమిషాలు నిలబడుతుంది. ఎండలో నిలబడే ఉక్కు బండి లోపలి వేడికి లిథియం బ్యాటరీ సామర్థ్యం త్వరగా తగ్గిపోతుంది. కంపెనీ 8 గంటలు అని రాస్తే, కొన్నాళ్ళకు అది గంటకే పడుకోవచ్చు. కొన్ని నెలలకోసారి బండిని యార్డులో పెట్టి, వైరు తీసేసి, పూర్తిగా ఆగిపోయేదాకా టైమ్ రాసుకోవాలి. ఇంకో మాట, రెండు ట్రాకర్లు ఉన్న బండిలో రెండింటికీ ఒకే ఫ్యూజు నుంచి కరెంటు ఇస్తే, నిజానికి ఉన్నది ఒకటే అనుకోవాలి.

సిమ్ రెండు, టవర్ ఒకటి

మొబైల్ నెట్‌వర్క్ విషయంలో అందరికీ తెలిసిన జాగ్రత్త రెండు కంపెనీల సిమ్‌లు పెట్టడం. మంచిదే. కానీ చాలాచోట్ల వేర్వేరు కంపెనీలు ఒకే టవర్ మీద యాంటెన్నాలు పెడతాయి. ఆ టవర్‌కు కరెంటు పోతే రెండూ పోతాయి. కాబట్టి రెండో సిమ్ ఉందనే ధైర్యాన్ని దారి పొడవునా పరీక్షించాలి. ఒక్కో రూట్‌లో ఒక్కో సిమ్‌తో విడిగా ఒకసారి తిరిగితే ఎక్కడ ఏది పనిచేస్తుందో తెలుస్తుంది.

అసలు పరీక్ష మాత్రం మొదటి సిమ్‌ను ఆపేసి చూడడమే. డేటా సేవను ఆపరేటర్ పోర్టల్ నుంచి కాసేపు నిలిపేసి, రెండో సిమ్ మీదికి మారడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడాలి. సిమ్‌ను చేత్తో బయటికి తీస్తే ట్రాకర్‌కు వెంటనే తెలిసిపోతుంది, ఠక్కున మారుతుంది. నెట్‌వర్క్ పట్టు ఉండి డేటా మాత్రం వెళ్ళని పరిస్థితిలోనే అది తికమకపడుతుంది. నిజ జీవితంలో ఎక్కువసార్లు ఎదురయ్యేది ఆ రెండోదే.

పాత నెట్‌వర్క్‌ల మూసివేత ఇంకో ఉచ్చు. అమెరికాలో ఏటీ అండ్ టీ తన 2జీ సేవను 2017 ఆరంభంలో, 3జీని 2022 ఫిబ్రవరిలో ఆపేసింది. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబర్‌లో 3జీ మూసివేత మొదలుపెట్టాయి. ఎన్నో దేశాలు అదే దారిలో ఉన్నాయి. ట్రాకర్ పెట్టె మీద 4జీ అని ఉన్నా, ఎమర్జెన్సీ వాయిస్ కాల్‌కు మాత్రం అది పాత నెట్‌వర్క్ మీదికి దిగుతుంటే, ఒక రోజు పొద్దున్నే డేటా బాగానే పోతూ కాల్ మాత్రం కలవదు. రోజువారీ తనిఖీలో వాయిస్ కాల్ చేసి చూడకపోతే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

నెట్‌వర్క్ లేని చోట ట్రాకర్ తన స్థానాలను మెమరీలో దాచుకుని, సిగ్నల్ రాగానే అన్నీ ఒకేసారి పంపుతుంది. ఇది మంచి లక్షణమే, కానీ మ్యాప్ మీద చూసేవాళ్ళను ఇదే మోసం చేస్తుంది. తర్వాత రిపోర్టు తీస్తే దారి ఎక్కడా తెగకుండా నిండుగా కనిపిస్తుంది. ఆ 20 నిమిషాలూ బండి ఎక్కడుందో ఎవరికీ తెలియదన్న సంగతి రిపోర్టులో ఉండదు. అందుకే ప్రతి స్థానానికీ రెండు సమయాలు చూడాలి. ఒకటి బండి దాన్ని నమోదు చేసిన సమయం, రెండోది సర్వర్‌కు అది చేరిన సమయం. ఈ రెండింటి మధ్య తేడానే అసలు ఆరోగ్య పరీక్ష. చాలా సాఫ్ట్‌వేర్లు మొదటిదాన్నే చూపిస్తాయి, రెండోదాన్ని అడిగి తెప్పించుకోవాలి.

సమయం గురించి మాట వచ్చింది కాబట్టి ఒక విచిత్రం చెప్పాలి. జీపీఎస్ పాత సంకేతం వారాలను 10 బిట్లలో లెక్కపెడుతుంది, అంటే 0 నుంచి 1023 దాకా. ఆ తర్వాత మళ్ళీ సున్నా. ఇలా 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న ఇంకోసారి తిరిగింది. మళ్ళీ తిరిగేది 2038 నవంబర్‌లో. సరిగ్గా అప్‌డేట్ కాని రిసీవర్ అప్పుడు దాదాపు 19.6 ఏళ్ళు వెనక్కి పోతుంది. పైగా కొన్ని రిసీవర్లలో ఈ తిరుగుడు ఉపగ్రహాల తేదీ నాడు కాకుండా, వాటి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) తయారైన తేదీని బట్టి ఇంకెప్పుడో వస్తుంది. స్థానం సరిగ్గానే ఉంటుంది, తేదీ మాత్రం పాతది. సర్వర్ దాన్ని చూసి ‘ఇది పాత రికార్డు’ అని పక్కన పడేస్తుంది. బండి ఎదురుగా నిలబడి ఉంటుంది, ట్రాకర్ లైట్లు వెలుగుతుంటాయి, మ్యాప్ మీద మాత్రం ఏమీ ఉండదు. ఫర్మ్‌వేర్ వెర్షన్ రాసుకోవడం తనిఖీలో భాగమని చెప్పేది ఇందుకే.

మౌనాన్ని వినడం

అంత సన్నని జీపీఎస్ సిగ్నల్‌ను మింగేయడానికి పక్కన ఒక చిన్న జామర్ చాలు. అమెరికాలోని న్యూఆర్క్ విమానాశ్రయంలో విమానాల దిగుడుకు సాయపడే జీపీఎస్ ఆధారిత వ్యవస్థకు 2009 నుంచి అంతుచిక్కని అంతరాయాలు వచ్చేవి. వెతికితే పక్క హైవే మీద పోయే వాహనాల్లోని జామర్లు కారణమని తేలింది. 2012లో పట్టుబడిన ఒక డ్రైవర్, కంపెనీ తనను ట్రాక్ చేయకుండా ఉండేందుకు దాన్ని పెట్టుకున్నాడు. 2013లో అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ అతనికి దాదాపు 32 వేల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. విమానాశ్రయాన్ని ఇబ్బంది పెట్టాలని అతను అనుకోలేదు. తన బండి ట్రాకర్‌ను ఆపడానికి పెట్టుకున్న పరికరం ప్రభావమే అంత దూరం పాకింది.

నాలుగు వ్యవస్థల ఉపగ్రహాలను వినే ట్రాకర్ అయితే జామర్‌కు లొంగదని అమ్మేవాళ్ళు చెబుతుంటారు. పూర్తిగా నమ్మొద్దు. జీపీఎస్ పౌర సంకేతం, గెలీలియో ప్రధాన సంకేతం రెండూ 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంటాయి. బైడౌ, గ్లోనాస్ కూడా దానికి ఇరుగుపొరుగే. వీధిలో గోల మొదలైతే పక్కింటికీ వినపడుతుంది. 1176.45 మెగాహెర్ట్జ్ మీది రెండో సంకేతాన్ని కూడా వినే రిసీవర్‌కు కాస్త ఎక్కువ బలం ఉంటుంది గానీ, అదీ అభేద్యం కాదు.

పరీక్ష కోసమైనా జామర్ వాడడం చాలా దేశాల్లో నేరం, పైగా చుట్టుపక్కల వాళ్ళకు హాని. అక్కర్లేదు కూడా. బండిని ఆపి, జీపీఎస్ యాంటెన్నా మీద లోహపు గిన్నె బోర్లించినా చాలు. చూడాల్సింది ఆ తర్వాత ఏం జరుగుతుందో. ట్రాకర్ ‘ఆకాశం కనిపించడం లేదు’ అని చెబుతుందా, లేక పాత స్థానాన్నే కొత్త సమయంతో మళ్ళీ మళ్ళీ పంపుతుందా? ఆ రెండోది నేను చూసిన లోపాల్లో అన్నిటికన్నా చెడ్డది. అలాంటి ట్రాకర్ ఉన్న బండిని ఎవరు ఎటు తీసుకుపోయినా, మ్యాప్ మీద అది బ్యాంకు ముందే ఆగి ఉంటుంది. మంచి వ్యవస్థ అయితే చక్రాల వేగాన్నీ, కుదుపుల సెన్సర్‌నూ ఉపగ్రహం చెప్పిన దానితో పోల్చి చూస్తుంది. చక్రాలు తిరుగుతున్నాయి, స్థానం మారడం లేదు అంటే అలారం మోగాలి. తనిఖీలో బండిని గిన్నెతోనే నెమ్మదిగా యార్డు చుట్టూ తిప్పితే ఇది ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

జీపీఎస్, మొబైల్ రెండూ ఒకేసారి పోతే? అప్పుడు బండి ఏమీ చెప్పలేదు. చెప్పలేకపోవడాన్ని అవతలివాళ్ళు వినగలగాలి. అందుకే ట్రాకర్ ప్రతి కొన్ని సెకన్లకు ‘ఉన్నాను’ అని సర్వర్‌కు చెబుతూ ఉండాలి, ఆ మాట ఆగితే సర్వరే అలారం మోగించాలి. వినడానికి తేలికే. ఎంతసేపు ఆగితే మోగించాలన్నదే కష్టమైన లెక్క. 30 సెకన్లు అని పెడితే ప్రతి సొరంగంలోనూ, ప్రతి బేస్‌మెంట్‌లోనూ మోగుతుంది. ఒక లెక్క వేసుకుందాం. 50 బండ్లు, ఒక్కో బండికి రోజుకు 6 సార్లు అంటే 300 అలారాలు. రెండో వారానికి ఆపరేటర్లు చూడకుండానే క్లిక్ చేసి మూసేయడం అలవాటు చేసుకుంటారు. అది వాళ్ళ తప్పు కాదు, మనిషి మెదడు అంతే. అలాగని 10 నిమిషాలు అని పెడితే, 10 నిమిషాల్లో బండి ఎక్కడికైనా పోతుంది.

నా అనుభవంలో కుదిరిన దారి ఏమిటంటే, అన్ని చోట్లకూ ఒకే గడువు పెట్టకపోవడం. రూట్‌లో సిగ్నల్ పోయే చోట్లను ముందే తిరిగి గుర్తించుకోవాలి. ఈ బేస్‌మెంట్‌లో 7 నిమిషాల మౌనం మామూలే, ఈ ఖాళీ రోడ్డు మీద 40 సెకన్ల మౌనం మామూలు కాదు. నగదు ఉంచే వాల్ట్ తలుపు తెరిచి ఉన్నప్పుడు గడువు ఇంకా తగ్గాలి. ఈ పట్టికను ఏడాదికోసారైనా మళ్ళీ తిరిగి సరిచూడాలి, కొత్త భవనాలు లేస్తుంటాయి, టవర్లు మారుతుంటాయి. శాటిలైట్ ఫోన్ మోడెమ్ ఉన్న బండ్లకు మొబైల్ టవర్ల బెడద తప్పుతుంది. కానీ దానికీ ఆకాశం కనిపించాలి కాబట్టి బేస్‌మెంట్‌లో అదీ మూగదే.

బటన్, గొంతు

పానిక్ బటన్ పరీక్ష అంటే చాలాచోట్ల డ్రైవర్ పక్కనున్న ఒక్క బటన్ నొక్కడమే. బండిలో ఎన్ని బటన్లుంటే అన్నీ నొక్కాలి, కూర్చునే మనిషే కూర్చుని, బెల్టు పెట్టుకుని, చేతికి గ్లౌజులుంటే గ్లౌజులతోనే నొక్కాలి. కాలితో నొక్కే బటన్ కింద కాగితాలు, నీళ్ళ బాటిల్ ఇరుక్కుని ఉండటం నేను చాలాసార్లు చూశాను. నొక్కిన క్షణం నుంచి మూడు సమయాలు రాసుకోవాలి. స్క్రీన్ మీద అలారం ఎప్పుడు వచ్చింది, మనిషి ఎప్పుడు చూశాడు, ఎప్పుడు చర్య మొదలుపెట్టాడు. మొదటిది సెకన్లలో ఉంటుంది. మిగతా రెండింటిలోనే నిమిషాలు పోతాయి. పరికరాల తనిఖీ అంటూ ఆ రెండింటినీ వదిలేస్తే సగం పని వదిలేసినట్టే.

పరీక్షించే ముందు కంట్రోల్ రూమ్‌లో ఆ బండిని ‘టెస్ట్ మోడ్’లో పెడతారు, అనవసరంగా పోలీసులు రాకుండా. పరీక్ష అయ్యాక దాన్ని తీసేయడం మరిచిపోతే, ఆ బండి మిగతా రోజంతా అలారం కొట్టినా ఎవరూ కదలరు. అన్నీ బాగున్న బండిని తనిఖీయే పనికిరాకుండా చేసిందన్నమాట. కాబట్టి టెస్ట్ మోడ్‌కు గడువు ఉండాలి, 15 నిమిషాలకు దానంతటదే తొలగిపోవాలి. అలా కుదరని సాఫ్ట్‌వేర్ అయితే, టెస్ట్ మోడ్ తీసేశాక బటన్ ఇంకొక్కసారి నొక్కి, ‘ఇది నిజమైన అలారంగా వచ్చింది’ అని ఆపరేటర్ నోట వినాలి. ఆ తర్వాతే తనిఖీ పూర్తయినట్టు సంతకం పెట్టాలి.

రేడియో, ఫోన్ మాటల పరీక్షలో ‘వినిపిస్తోందా?’ ‘వినిపిస్తోంది’ అనే సంభాషణ దేనికీ పనికిరాదు. ఆ రెండు మాటలను గరగర శబ్దంలోనూ ఊహించుకోవచ్చు. ముందుగా తెలియని ఆరు అంకెలు చదివి అవతలివాళ్ళు తిరిగి చెప్పాలి. ఇంజిన్, ఏసీ నడుస్తుండగా చేయాలి, ఎందుకంటే ఉక్కు క్యాబిన్‌లో ఫ్యాన్ హోరు గొంతును మింగేస్తుంది. వెనక వాల్ట్ భాగంలో కూర్చునే మనిషి సంగతి వేరే చూడాలి. చుట్టూ ఉక్కు ఉంటుంది, ఆయన జేబులో ఫోన్ ఉన్నా అందులో సిగ్నల్ ఉండదు. ముందు క్యాబిన్‌తో మాట్లాడే ఇంటర్‌కామ్ ఒక్కటే ఆయనకు ప్రపంచంతో సంబంధం. అది పనిచేయకపోతే ఆయన ఉక్కు పెట్టెలో ఒంటరి. మిగతా అన్నిటి కన్నా ముందు నేను దాన్ని చూస్తాను.

బెదిరింపులో ఉన్నప్పుడు వాడే గుర్తు మాట ఒకటి సిబ్బందికి ఇస్తారు. అది మామూలు మాటల్లో కలిసిపోయేలా ఉంటుంది. కొత్తగా చేరిన ఆపరేటర్‌కు ఆ మాట చెప్పారా లేదా అన్నది ఏ పరికరమూ చెప్పదు. చెప్పకుండా ఒకసారి రేడియోలో ఆ మాట అని చూస్తే తెలుస్తుంది.

ఎవరు చూడాలి, ఏం రాయాలి

రోజూ బండి కదిలే ముందు సిబ్బంది చేసేది చిన్నగా ఉండాలి. స్థానం, వాయిస్ కాల్, ఇంటర్‌కామ్, ఒక బటన్. ఐదు నిమిషాలు దాటితే ఎవరూ నిజంగా చేయరు, టిక్కులు పెట్టేస్తారు. వైర్లు పీకడం, సిమ్‌లు ఆపడం, గిన్నె బోర్లించడం లాంటివి టెక్నీషియన్ నెలకోసారి చేయాలి. బిగించిన మనిషే పరీక్షించకూడదు. తన పని తనకు బాగానే కనిపిస్తుంది.

రికార్డులో ‘ఓకే’ అన్న మాటను నిషేధించాలని నాకు చాలా గట్టిగా అనిపిస్తుంది. అంకె రాయాలి. సిగ్నల్ 44, బ్యాకప్ 6 గంటల 10 నిమిషాలు, బటన్ నుంచి స్క్రీన్‌కు 4 సెకన్లు. ‘ఓకే’ పక్కన నిన్నటి ‘ఓకే’ పెట్టి చూస్తే ఏమీ తెలియదు, 44 పక్కన 37 పెడితే తెలుస్తుంది. అదే సమయంలో, దాచిపెట్టిన రెండో ట్రాకర్ ఎక్కడుందన్నది ఈ రోజువారీ పుస్తకంలో ఎక్కడా ఉండకూడదు. పని పూర్తయిందని చూపించడానికి దాని ఫొటో తీసి ఫోన్ గ్రూపులో పెట్టే అలవాటు కూడా మానాలి.

అన్నిటికన్నా ఎక్కువ లోపాలు పుట్టేది గ్యారేజీలో. బ్యాటరీ మార్చినప్పుడు, సీటు విప్పినప్పుడు, కప్పుకు రంగు వేసినప్పుడు మెకానిక్ ఏదో ఒక వైరు కదుపుతాడు. ఆయనకు తన పని తెలుసు, ఆ సన్న నల్ల కేబుల్ ఏమిటో తెలియదు. కాబట్టి ఏ చిన్న రిపేరు జరిగినా, నెల తనిఖీ తేదీ కోసం ఆగకుండా అంతా మొదటి నుంచి చూడాలి. ఆ తర్వాత మొదటి ట్రిప్పు నగదు లేకుండా ఖాళీ బండితో, రోజూ తిరిగే రూట్‌లోనే వెయ్యాలి. టెక్నీషియన్ వెనక వాల్ట్‌లో ఆ ఇంటర్‌కామ్ పక్కనే కూర్చోవాలి. డ్రైవర్ దారి పొడవునా రేడియోలో మాట్లాడుతూ ఉండాలి. కంట్రోల్ రూమ్‌లో ఒకరు ఆ ఒక్క చుక్కనే చూస్తూ, అది ఎప్పుడెప్పుడు ఎంతసేపు ఆగిందో కాగితం మీద రాస్తూ ఉండాలి.